సొట్టగరిటె కొలత

పోయినవారం చల్లమ్మను పొయ్యి ముందు నిలబెట్టి, వీధి తలుపు మీద దబదబా చప్పుడు వినిపించి వదిలేశాం. ఆ తలుపు తీసేముందు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

చల్లమ్మ అసలు పేరు హోటల్లో ఎవరికీ గుర్తులేదు. పదకొండేళ్ళుగా అక్కడి చలిగదిలో ఉన్నికోటు తొడుక్కుని ఐసు పదార్థాలు చేసే మనిషి గనక చల్లమ్మ అయింది. ఆవిడ స్వభావానికీ ఆ పేరుకీ మాత్రం ఏ సంబంధమూ లేదు. పుదీనా, నిమ్మగడ్డి వేసి ఆవిడ ఒక సార్బే తయారుచేసింది. పాలూ మీగడా ఏమీ ఉండవు. పలచటి చక్కెర పాకానికి ఆకుల వాసన పట్టించి, నిమ్మరసం పిండి, గడ్డకట్టించడమే. ఆ వేసవిలో జనం దానికోసమే హోటలుకు రావడం మొదలుపెట్టారు. వెంటనే పెద్దవంటవాడు, అందరూ మాస్టారని పిలిచే పెద్దమనిషి, అది తన చేతి సృష్టేనని పత్రికలకు ఫొటో దిగాడు. “అది నాది” అంది చల్లమ్మ, వంటశాల నిండా జనం ఉండగా. “రుజువేదీ?” అన్నాడాయన. రుజువు ఆవిడ రాసుకున్న నీలం అట్ట పుస్తకం. ఇంటికి పరుగెత్తి వెతికితే పెట్టెలో పుస్తకం లేదు. సాయంత్రానికి ఉద్యోగమూ లేదు.

హోటలు యజమానురాలు పెద్దమ్మగారు ఇద్దరినీ పిలిపించింది. “మీ నోళ్ళతో ఇది తేలదు, నా నోటితో తేలుతుంది. శనివారం సాయంత్రం ఐదింటికి ఎవరికి వాళ్ళు చేసి పట్రండి. మొదటిసారి నేను తిన్న రుచి నాకు గుర్తుంది” అంది. గెలిచినవాళ్ళకు చలిగది, ఓడినవాళ్ళకు వీధి. “ఇంట్లో మిషను కూడా లేదుగా నీకు” అని మాస్టారు నవ్వాడు. “చేతులున్నాయి” అని చెప్పి వచ్చేసింది చల్లమ్మ.

ఇవాళే ఆ శనివారం. పొద్దున తొమ్మిదయింది. భర్త బస్సు డ్రైవరు, ఎప్పుడో డ్యూటీకెళ్ళాడు. ముందుగదిలో అత్తగారు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పుదీనా ఆకులు తుంచుతోంది. తలుపు తీసింది ఆవిడే.

గుమ్మంలో మాస్టారు. చేతిలో గుడ్డసంచీ, మొహాన చెమట. హోటలు వెనక గేటు ఈ వీధి చివరికే తెరుచుకుంటుంది. ఆ నాలుగడుగులకే మనిషి అంతగా తడిసిపోయాడంటే ఎండ ఒక్కటే కారణం కాదు. అత్తగారు మామూలుగా అయితే పోస్టుమనిషిని కూడా పావుగంట నిలబెట్టి కబుర్లు చెప్పే రకం. ఈయన్ని చూసి మాత్రం పలకరించనైనా లేదు. పళ్ళెం తీసుకుని పెరట్లోకి నడిచింది.

“చల్లమ్మా, లోపలికి రావచ్చా?”

“వచ్చేశారుగా.”

చల్లమ్మ వెనక్కి తిరగలేదు. గిన్నెలో నీళ్ళు వెచ్చబడుతున్నాయి. చక్కెర డబ్బా మూత తీసి, గోడమేకుకు వేలాడే ఇత్తడి గరిటె అందుకుంది.

మాస్టారు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. పొయ్యి దగ్గర మొనగాడే ఆయన. వంద మందికి భోజనం చెయ్యమంటే చెయ్యి వణకదు. చలిగదిలోకి మాత్రం పదకొండేళ్ళలో పదకొండుసార్లు వచ్చి ఉండడు, వచ్చినా తుమ్ముకుంటూ పారిపోయేవాడు. ఇప్పుడు ఆ పెద్ద కళ్ళు ఆ చిన్న వంటింటిని మూలమూలా తడుముతున్నాయి. పాత ఫ్రిజ్, వెడల్పాటి స్టీలు ట్రే, రెండు ఫోర్కులు, సగం కోసిన నిమ్మకాయలు. వెతికేది కనబడలేదు కాబోలు, నిట్టూర్చాడు.

“పట్టుదలలెందుకు మనకి. సోమవారం నుంచి పన్లోకి వచ్చెయ్. పెద్దమ్మగారికి నేను చెబుతాను. ఇవాళ మాత్రం రాకు. ఒంట్లో బాలేదని కబురు పెట్టు, చాలు.”

“నా ఒంటికేం? రాయిలా ఉన్నాను.”

“పెద్దవాణ్ణి, బతిమాలుతున్నాను.”

“ఆ రోజు అంతమంది ముందు నన్ను రుజువేదీ అన్నప్పుడు మీ పెద్దరికం ఎక్కడికి పోయింది మాస్టారూ? పదకొండేళ్ళు వేళ్ళు కొంకర్లు పోయేలా చేసిన చాకిరీ అండీ నాది! మీరు కోటు గుండీలు పెట్టుకుని ఫొటో దిగారు. ఆ ఫొటోలో మీ చేతిలో ఉన్న గిన్నె కడిగింది కూడా నేనే!” గొంతు పగిలింది. పగిలినందుకు ఇంకా కోపం వచ్చింది. “రాకుండా ఉండను. కాళ్ళు విరిగితే పాక్కుంటూ వస్తాను.”

అలా అంటూనే నీళ్ళలో చక్కెర పోసింది. ఒక గరిటె. రెండు. మూడు. నాలుగు. డబ్బా మూత పెట్టేసింది.

ఆ చెయ్యినే కన్నార్పకుండా చూస్తున్న మాస్టారు ఉన్నపాటున ముందుకు వచ్చాడు.

“నాలుగేగా! నేనూ నాలుగే వేశాను! మూడు వాయిలు పెట్టాను రెండ్రోజుల్నుంచి. ముద్ద కట్టదే! ఎంతసేపు తిప్పినా జావలా జారిపోతోంది. నీళ్ళు కలిపితే బండరాయి అవుతోంది, రుచీ పచీ లేదు. ఏం చేస్తున్నావు నువ్వు? ఇంకేం వేస్తున్నావు?”

నీళ్ళు సన్నగా కుతకుతమంటున్నాయి. చల్లమ్మ మెల్లగా ఇటు తిరిగింది.

“నాలుగని మీకెవరు చెప్పారు?”

మాస్టారు గుడ్డసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“హోటల్లో నేను కొలిచేటప్పుడు చలిగదిలోకి ఎవరినీ రానిచ్చేదాన్ని కాదు. ఆ అంకె నేను నోటితో ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఒక్కచోట రాసుకున్నాను. నీలం అట్ట పుస్తకంలో, మూడో పేజీలో.” ఒక్కో మాటా ఆయన మొహాన విసిరింది. “అయితే పుస్తకం మీ దగ్గరే ఉందన్నమాట.”

“పుస్తకం సంగతి నాకు...”

“ఛీ! ఇంకా బుకాయింపా? మీ మొహమే చెబుతోందిగా!”

పది రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు ఆ క్షణాన దిగిపోయింది చల్లమ్మకి. తను పిచ్చిది కాదు, పుస్తకం ఎక్కడో పారేసుకోలేదు. ఆ తేలికతనంలో నవ్వొచ్చింది. ఆ నవ్వులో నోరు జారింది. అదే ఆవిడతో వచ్చిన చిక్కు. కోపంలోనైనా పళ్ళు బిగపడుతుంది గాని, గెలుస్తున్నానన్నప్పుడు నాలుక ఆగదు.

“పుస్తకం ఎత్తుకెళ్ళినవారు గరిటె కూడా ఎత్తుకెళ్ళాల్సింది మాస్టారూ! మీ హోటలు గరిటె, మా ఇంటి గరిటె ఒకటే అనుకున్నారా? చూడండి!” అని గరిటె తిప్పి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

అడుగున, బొటనవేలు నిండా దిగేంత సొట్ట, లోపలికి. ఒకప్పుడు అత్తగారు ఏదో మాట మీద మామగారి మీదికి విసిరితే, ఆయన లాఘవంగా తప్పుకున్నారు, గోడ తప్పుకోలేదు. అప్పటినుంచి ఆ గరిటె అన్ని గరిటెల కన్నా పావు వంతు తక్కువ పడుతుంది. అంచున ఒక పన్ను విరిగినట్టు గాటు, కాడ కాస్త పక్కకి వంకర. చల్లమ్మ కాపురానికి వచ్చినప్పటినుంచి దానితోనే కొలిచింది. హోటలుకు కూడా సంచీలో పెట్టుకుపోయేది. అందరూ ఆటపట్టించేవాళ్ళు, మీ గరిటెకు కూడా జీతం అడగమ్మా అని. పుస్తకంలో రాసిన నాలుగు గరిటెలు ఆ సొట్టగరిటెకు నాలుగు. నీళ్ళు గ్లాసుతో కొలిచి, చక్కెర మామూలు గరిటెతో నాలుగు పోస్తే మోతాదు మించిపోతుంది, ఎంత చలిలో పెట్టినా గడ్డకట్టనంటుంది. చలిగదిలో ఒక్క వేసవి పనిచేసిన వాళ్ళకైనా అది తెలిసిపోయేది.

మాస్టారు చాలాసేపు ఆ సొట్టనే చూశాడు. మొహంలో ఏదో వెలిగి ఆరింది.

“కాస్త మంచినీళ్ళిస్తావా?”

శత్రువైనా నీళ్ళడిగితే కాదనగలదా? గరిటె తొట్టి గట్టున పెట్టి, గ్లాసు నింపి ఇచ్చింది. అంతలో పాకం పొంగుకొచ్చింది. గబగబా పొయ్యి కట్టేసి, పెరట్లోకి కేక వేసి అత్తగారి పళ్ళెం తెప్పించుకుని, పుదీనా, నలగ్గొట్టిన నిమ్మగడ్డి వేడి పాకంలో ముంచి మూత పెట్టింది. ఆకుల్ని ఉడికించకూడదు. ఉడికిస్తే రంగు చచ్చి, చేదు దిగుతుంది. వేడిలో ఊరికే ఊరాలి. ఆ పనిలో ఉండగా మాస్టారు, ఎన్నడూ లేనిది, గ్లాసు తనే తీసుకెళ్ళి తొట్టిలో పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“దొంగ దొంగ అని ఇక నన్ననకు చల్లమ్మా. నీ పుస్తకాన్ని నేను తీయలేదు. ఇచ్చారు. మీ ఇంట్లోవాళ్ళే, రెండు చేతులా ఇచ్చారు. సాయంత్రం పెద్దమ్మగారు అడిగితే అదే చెబుతాను.”

తలుపు చప్పుడైంది. చల్లమ్మ మూత మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయింది.

ఇంట్లోవాళ్ళంటే ఎవరు? ఉన్నది ముగ్గురు. భర్తకు ఆ పుస్తకం ఎక్కడుంటుందో కూడా తెలియదు, తన చొక్కాలే ఎక్కడుంటాయో తెలియని మనిషి. ఇక మిగిలింది ఎవరో తెలుస్తూనే ఉంది. పెరటి గుమ్మంలో ఖాళీ చేతులతో అత్తగారు నిలబడి ఉంది. చల్లమ్మ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అడిగితే ఇల్లు రెండు ముక్కలవుతుందేమోనని భయం. అంతకుమించి, పాకం చల్లారుతోంది. ముందు పని.

వడగట్టి, నిమ్మరసం కలిపి, ట్రేలో వేలి మందాన పోసి, ఫ్రిజ్‌లో పైన మంచుపెట్టెలోకి తోసింది. గంట గడిచాక తీస్తే అంచుల వెంట పలుకులు కట్టి ఉన్నాయి. ఫోర్కుతో అంచుల్ని గీకి మధ్యకు లాగింది. గరగర, గరగర. ఎవరి మీద కోపమో ఆ ట్రేకి తెలిసినట్టే ఉంది. మళ్ళీ లోపల పెట్టింది. మరో ముప్పావుగంటకి మళ్ళీ తీసింది, మళ్ళీ గీకింది. మిషను చేసే పని అదే. నీరు పెద్ద గడ్డలుగా బిగుసుకోకుండా చెదరగొడుతూ ఉండాలి. చెయ్యి నొప్పి పుడితే రెండో చెయ్యి. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే వంటింట్లో ఐదు గంటలపాటు ఒక్క మాట లేకుండా తిరిగారు. ఆ ఇంట్లో అలాంటిది ఎన్నడూ ఎరగరు.

మూడున్నరకు చివరిసారి గీకింది. పలుకులన్నీ సన్నబడి, తెల్లటి పొడిలో లేతాకుపచ్చ నీడతో, చెంచా గుచ్చితే మెత్తగా దిగింది. ఒక చెంచా నోట్లో వేసుకుంది. మొదట చలి, ఆ వెనకే నిమ్మ పులుపు, మింగాక గొంతులో పుదీనా గాలి వీచింది. అదే. హోటల్లో మిషను మీద చేసినదానికి వీసమెత్తు తగ్గలేదు. చల్లమ్మకి కళ్ళనీళ్ళు వచ్చాయి. అలవాటుకొద్దీ రెండో చెంచా అత్తగారి నోటికి అందించింది.

ఆవిడ నోరు తెరవలేదు.

“నేనే ఇచ్చానే” అంది.

“తెలుసు.”

“నువ్వు పనికెళ్ళాక వచ్చాడు. పెద్దమ్మగారు నీ పుస్తకం చూడాలన్నారట, చూసి నిన్ను చలిగదికి పెద్దను చేస్తారట. సంబరపడి పెట్టె తాళం తీసి ఇచ్చాను. సాయంత్రం ఆ కబురు నీ నోటే విందామని నోరు కట్టుకు కూర్చున్నాను. నువ్వేమో ఏడుస్తూ వచ్చావు.” ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. “మర్నాడే చెబుదామనుకున్నాను. తిడతావని కాదే. తిట్టకుండా ఊరుకుంటావేమోనని భయమేసింది.”

“పది రోజులత్తయ్యా! పది రోజులు నన్ను నేనే అనుమానించుకున్నాను! ఎక్కడ పారేశానా అని చెత్తబుట్టలు కూడా దులిపాను, మీరు చూస్తూనే ఉన్నారు! ఒక్క మాట చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని? మహా అయితే గిన్నెలు విసిరేదాన్ని. ఈ ఇంట్లో విసరడం నేను మొదలుపెట్టిందా?”

అత్తగారు తల వంచుకునే వింది. ఆవిడ తల వంచగా చూడటం చల్లమ్మకు అదే మొదలు. చూడబుద్ధి కాలేదు. చెంచా మళ్ళీ ముందుకు చాపింది. “తినండి. కరిగిపోతోంది.”

ఈసారి తిన్నది. కళ్ళు మూసుకుని చప్పరించి, కళ్ళద్దాల డబ్బా తెరిచి, అడుగునుంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసింది.

“పుస్తకం ఇచ్చాను గాని, ఇది చింపుకుని ఇచ్చాను. నాకు చదువు రాదు, రాతలన్నీ ఒకేలా ఉంటాయి. దీనిమీద మాత్రం నా గరిటె బొమ్మ ఉంది. నా గరిటె వాడికెందుకిస్తానే?”

చల్లమ్మ మడతలు విప్పింది. పుస్తకంలో మొదటి పేజీ. గరిటెను కాగితం మీద బోర్లించి, పెన్సిలుతో చుట్టూ గీసిన గీత. అంచున గాటు, కాడ వంకర, ఉన్నది ఉన్నట్టు. కింద తన చేతిరాత, తేదీ వేసి మరీ: “చక్కెర కొలతలన్నీ ఈ గరిటెతోనే. సొట్ట సరిచేయించకూడదు.” అది మాస్టారు ఫొటో దిగడానికి ఏడాది ముందరి తేదీ. చిరిగిన అంచు వంకర టింకరగా ఉంది. పుస్తకంలో మిగిలిన అంచు దానికి అతకక ఎక్కడికి పోతుంది?

“అత్తయ్యా! ఇంతకన్నా రుజువేం కావాలి మనకి!”

“అయితే నేనూ వస్తాను. నేనే ఇచ్చానని పెద్దమ్మగారి మొహాన నేనే చెబుతాను. వాడు చెప్పేదాకా ఎందుకు ఆగాలి?”

“పదండి. కాగితం, గరిటె, రెండూ పక్కపక్కన పెడదాం” అని మేకు వైపు చెయ్యి చాపింది చల్లమ్మ.

మేకు ఖాళీగా ఉంది.

తొట్టి గట్టు మీద చూసింది, తొట్టిలో చూసింది. మాస్టారు తాగిన గ్లాసు ఒక్కటే బోర్లా పడి ఉంది. పొద్దున ఆయన మొహంలో వెలిగి ఆరినదేమిటో అప్పుడు అర్థమైంది.

“నీ నోరు పాడుగాను! చూపించావా వాడికి?” అంది అత్తగారు.

“చూపించాను” అని చల్లమ్మ తల పట్టుకుంది. తొమ్మిదిన్నరకు తీసుకుపోయాడు. చేతిలో మిషను, ఎదురుగా పుస్తకం, ఇప్పుడు సరైన కొలత. ఈపాటికి...

ఫోను మోగింది. పెద్దమ్మగారే. ఆవిడ గొంతులో ఏదో జాలి ఉంది.

“మాస్టారు గంట ముందే తెచ్చి బల్ల మీద పెట్టేశాడమ్మాయ్. ఒక చెంచా తిన్నాను. నీ దగ్గర దాచడమెందుకు, మొదటిసారి నేను తిన్న రుచి ఇదే. ఇంకా వస్తావా నువ్వు?”

పోయిందనుకుంది. గోడకు ఆనుకుంది. చేతిలో కాగితం రెపరెపలాడింది, దానిమీద గరిటె బొమ్మ. ఆ బొమ్మను చూస్తూ చూస్తూ ఉండగా నవ్వొచ్చింది చల్లమ్మకి. పిచ్చి మాస్టారు! రుజువులో సగం ఆవిడ దగ్గరుంటే, మిగతా సగం తన సంచీలో తనే మోసుకెళ్ళి పెద్దమ్మగారి హోటల్లో పెట్టాడు.

“తప్పకుండా వస్తానండీ. నేనొచ్చేదాకా ఆయన్ని బాగా మెచ్చుకుంటూ ఉండండి. ఆయన గుడ్డసంచీ ఒక్కటి గది దాటనివ్వకండి, చాలు.”

“సంచీయా? అందులో ఏముంది?”

“మా అత్తగారి గరిటె ఉందండీ.”

“గరిటె ఏమిటి!” అని అవతల గట్టిగా వినిపించింది, వెంటనే కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరినో ఏదో అడిగింది పెద్దమ్మగారు, ఎవరో ఏదో చెప్పారు. తిరిగి ఫోనులోకి వచ్చేసరికి ఆ గొంతులో జాలి లేదు, పక్కనున్న అత్తగారికి కూడా వినబడేంత గట్టిగా ఉంది.

“నేను గరిటె అన్న మాట విన్నాడు. సంచీ తీసుకుని వెనక మెట్లు దిగిపోయాడట, ఇప్పుడే!”

వెనక మెట్లంటే వెనక గేటు. వెనక గేటంటే ఈ వీధి చివర. చల్లమ్మ ఫోనూ కాగితమూ బల్ల మీద పెట్టి, ఐసు ముక్కలు పేర్చిన చిన్న పెట్టెలోకి సార్బే సర్ది మూత బిగించి, “అత్తయ్యా” అని వెనక్కి తిరిగేసరికి వంటింట్లో అత్తగారు లేదు. ముందుగదిలో లేదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

పెట్టె చంకనెత్తుకుని చల్లమ్మ గుమ్మంలోకి పరుగెత్తింది. ఎండలో వీధి నడిబొడ్డున అత్తగారు, కాళ్ళకు చెప్పులైనా లేకుండా, చేతిలో కాగితం ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో, అప్పుడే గేటు దాటి, సంచీలోంచి గరిటె బయటికి తీసి చెత్తకుండీ మీదికి వంగిన మాస్టారు.

“అందులో వెయ్యకు నాయనా!” అంది అత్తగారు, వీధిలో ప్రతి కిటికీ తెరుచుకునేంత గట్టిగా. “దాన్ని మా ఆయన మీదికి విసిరితే తప్పింది. ఇటివ్వు. ఈసారి తప్పదు.”